తొమ్మిది తెల్లగళ్లు

మా ఫ్రిజ్ తలుపు మీద, గుంటూరు నుంచి తెచ్చుకున్న మిరపకాయ బొమ్మ అయస్కాంతం కింద, ఏడాదిగా ఒక కాగితం వేలాడుతోంది. మా అమ్మాయి కాలేజీ టైమ్‌టేబుల్. వారానికి అయిదు రోజులు, రోజుకి అయిదు గళ్లు, మొత్తం పాతిక. అందులో పదహారింటికి రంగులున్నాయి. బయాలజీకి ఆకుపచ్చ, హిస్టరీకి ఇటుక రంగు, ఇంగ్లిష్ లిటరేచర్‌కి నీలం, ట్యూటర్‌ని కలిసే ఒక్క గంటకి పసుపు. మిగతా తొమ్మిదీ తెల్లగా ఉన్నాయి. పాలు తీసుకుందామని తలుపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు రంగుల మీదికి పోవు, ఆ తెలుపు మీదికే పోతాయి. మొదట్లో ప్రింటు సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. "అవి ఫ్రీ పీరియడ్స్ అమ్మా" అంది. ఫ్రీ అంటే? "ఫ్రీ అంటే ఫ్రీ!" మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా నా కూతురు ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో ఆ కాగితం చెప్పదు. పదహారేళ్ల పిల్లకి వారానికి తొమ్మిది గంటలు లెక్కాపత్రం లేకుండా చేతిలో పెట్టేస్తారా ఎవరైనా? కిరాణా కొట్టువాడు కూడా చిల్లర లెక్కపెట్టే కదా ఇస్తాడు.

మేముండేది లండన్‌కి ఉత్తరాన, రైల్లో ముప్పావుగంట దూరంలో, ఒక మోస్తరు ఊళ్లో. ఇక్కడ పిల్లలు పదహారేళ్లకి జీసీఎస్‌ఈ రాస్తారు. ఆ తర్వాత రెండేళ్లు ఎ లెవెల్స్. కొందరు పాత బళ్లోనే ఉండిపోతారు, కొందరు ఈ రెండేళ్ల కోసమే పెట్టిన సిక్స్త్ ఫారం కాలేజీకి వెళ్తారు. మన ఇంటర్ లాంటిదేలే అని నేను తేలిగ్గా అనేసుకున్నాను. ఫోన్లో మా నాన్నకి చెబితే ఆయన ఇంకా తేలిగ్గా తీసుకున్నాడు. "సిక్స్తు ఫారమా? అది నేను యాభై ఆరులోనే పాసయ్యాను కదమ్మా!" నిజమే. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, తెనాలిలో చదువుకున్న మనిషి. ఆ రోజుల్లో హైస్కూలు తరగతుల్ని ఫస్టు ఫారం, సెకండ్ ఫారం అని లెక్కపెట్టుకుంటూ పోయి ఆరో ఫారంలో ఎస్సెస్సెల్సీ రాయించేవారు. ఆ లెక్క ఇక్కడి నుంచి ఓడెక్కి వెళ్లిందే. మనం ఎప్పుడో వదిలేశాం. ఇక్కడ కూడా తరగతులకి ఇప్పుడు ఇయర్ సెవెన్, ఇయర్ ఎయిట్ అనే పేర్లు. ఈ చివరి రెండేళ్లని కూడా కాగితాల మీద ఇయర్ ట్వెల్వ్, ఇయర్ థర్టీన్ అనే రాస్తారు. కింది ఫారాలన్నీ పోయాయి గానీ ఆరోది మాత్రం పేరుగా మిగిలింది. ఎనభై అయిదేళ్ల తాతకీ పదహారేళ్ల మనవరాలికీ మధ్య ఆ ఒక్క మాట ఉండిపోయినందుకు నాకు లోలోపల సంతోషమే.

సంతోషం ఎంతోసేపు నిలవలేదనుకోండి. "ఏ గ్రూపు? బైపీసీయేనా?" అన్నాడు మా నాన్న. బయాలజీ, హిస్టరీ, ఇంగ్లిష్ అని చెప్పాను. "అదేం గ్రూపే?" గ్రూపులుండవు నాన్నా, నచ్చినవి మూడు తీసుకోవడమే అన్నాను. "మూడేనా? మరి లెక్కలు?" మానేసింది. అవతల కాసేపు చప్పుడు లేదు. "పోనీలే, సప్లిమెంటరీలో రాస్తుందా?" నవ్వాను గానీ ఆ భయం నాలోనూ ఉంది. ఆరు నెలల క్రితం తొమ్మిది సబ్జెక్టులు రాసిన పిల్ల, ఒక్క వేసవి సెలవు దాటేసరికి మూడింటితో మిగిలింది. లెక్కలతో సంబంధం పదహారేళ్లకే తెగిపోయింది. వాళ్లకీ ఒకప్పుడు గ్రూపులుండేవట. 1951లో ఎ లెవెల్స్ రాకముందు హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ అని ఒకటుండేది, అందులో సబ్జెక్టుల్ని కట్టకట్టి తీసుకోవాల్సి వచ్చేది. ఆ కట్ట విప్పేసి, దేనికది విడిగా చదువుకోండి అన్నారు. మనం కట్ట విప్పలేదు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ. కులగోత్రాల తర్వాత మనిషిని పోల్చుకోవడానికి మనకున్న నాలుగక్షరాలు అవే కదా. ఇప్పటికీ లండన్‌లో ఏదో పెళ్లిలో కొత్త తెలుగువాళ్లు కలిస్తే, పది నిమిషాల్లో ఎవరిది ఏ గ్రూపో బయటపడిపోతుంది.

కాలేజీ ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్లాను. పాత గ్రామర్ స్కూలు భవనం. హాల్లో గోడకి చెక్కపలక, దాని మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వెళ్లిన కుర్రాళ్ల పేర్లు బంగారు అక్షరాల్లో. డెబ్బైల మొదట్లో ఆ పేర్లు ఉన్నట్టుండి ఆగిపోయి, పలకలో సగం ఖాళీ. పదకొండేళ్ల పిల్లల్ని ఒక్క పరీక్షతో గ్రామర్ స్కూలుకి కొందరినీ, మామూలు బడికి మిగతావాళ్లనీ విడదీసే పద్ధతిని వదిలిపెట్టమని 1965లో ప్రభుత్వం సర్క్యులర్ పంపింది. దాంతో చాలాచోట్ల అలాంటి బళ్లు ఇలా రెండేళ్ల కాలేజీలుగా మారాయి. 1966లో లూటన్‌లో తెరిచిన కాలేజీ ఈ వరసలో తొలినాటిది. ఆ హాల్లోనే మెళ్లో ట్యాగులేసుకున్న పిల్లలు మమ్మల్ని తిప్పి చూపించారు. వాళ్లు లెక్చరర్లని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. సార్ లేదు, మిస్ లేదు, ఒట్టి పేరే. మా వీధిలో పాలు పోసే ఆయన్ని కూడా నేను ఆ వయసులో వరస పెట్టి బాబాయ్ అనే పిలిచేదాన్ని. హిస్టరీ చెప్పే ఆవిడకి నా వయసే ఉంటుంది. నా తెల్లగళ్ల సంగతి ఎత్తాను. "క్లాసులో గంట చెబితే, దానికి మరో గంట వాళ్లంతట వాళ్లు చదవాలి. ఎక్కడ, ఎప్పుడు అన్నది వాళ్లిష్టం" అంది. మరి చదవకపోతే? ఆవిడ భుజాలెగరేసి నవ్వింది. "అది కూడా నేర్చుకోవాల్సిందే కదా."

ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు. నేను ఇంటర్ చదివింది 1991లో, గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పేరెందుకు లెండి. మా టైమ్‌టేబుల్ హాస్టల్ గోడకి అతికించి ఉండేది. తెల్లవారుజామున అయిదింటికి మొదటి గడి, రాత్రి పదిన్నరకి చివరి గడి. మధ్యలో స్నానానికీ తిండికీ కూడా గళ్లుండేవి. ఆదివారం వీక్లీ టెస్టు, సోమవారం పొద్దున్న నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు. చివరి పదిమంది పేర్ల కింద ఎర్రగీత. సాయంత్రం అరగంట ఆటలు అని రాసి ఉండేది గానీ, ఆ అరగంటలో జువాలజీ మేడమ్ వచ్చి బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీయించేది. దొంగతనంగా ఊపిరి తీసుకున్నట్టుండేది బతుకు. అలాగని, అంతా చేదే అంటే అబద్ధమవుతుంది. ఎక్కడ ఉండాలి, ఏం చేయాలి అన్న బెంగ ఎప్పుడూ లేదు. ఆ బెంగ లేకపోవడం ఒక సుఖం. తప్పు చేస్తానేమోనన్న భయం ఉండేది గానీ, తప్పిపోతానేమోనన్న భయం ఉండేది కాదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్లిన మొదటి నెలలో ఒకరోజు ఏడ్చింది, ఆ మంగళవారం రెండు గంటలూ ఎక్కడ కూర్చోవాలో తెలియలేదని. కేంటీన్లో ప్రతి బల్లా ఎవరిదో అయిపోయిందట. నాకైతే ఏ ఏడుపైనా వార్డెన్ కంటపడకుండా బాత్రూములోనే ఏడవాల్సి వచ్చేది. రెండు ఏడుపుల్లో ఏది మేలని ఎవరినడగను?

ఇంకో ముచ్చట చెప్పాలి. కాగితం మీద మా చదువు విశాలమైనదే. సైన్సు చదివినా సెకండ్ లాంగ్వేజి తప్పేది కాదు, రెండేళ్లకి కలిపి దానికి 200 మార్కులు. మా అమ్మాయిలా పదహారేళ్లకే ఒక కిటికీ మూసేసుకోనక్కర్లేకపోయింది. కానీ ఏం చేశాం? తెలుగులో మార్కులు రావని సంస్కృతం తీసుకున్నాం, దాదాపు హాస్టలంతా. సంస్కృతం మీద ప్రేమ ఎవరికుంది! జవాబులు చాలావరకు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చు, మార్కులు ధారాళంగా పడతాయి, అంతే. అలా నా తెలుగు చదువు పదో తరగతితో పూర్తయింది. తెరిచి ఉంచిన కిటికీకి మేమే అట్టలు కొట్టుకున్నాం.

ఆ అట్టల్ని ఊడబీకింది ఎలక్ట్రిసిటీ బోర్డు. రాత్రి స్టడీ అవర్‌లో కరెంటు పోయేది. చెప్పిపోయేది కాదు. అరగంటో, ఒక్కోసారి గంటో. జనరేటర్ లేదు. ట్యూబులైట్లు ఆరిపోగానే నూటయాభై మంది ఆడపిల్లలు ఒక్కసారిగా "హమ్మయ్య" అనే ఆ శబ్దం నాకింకా చెవుల్లో ఉంది. ఉక్కపోత, దోమలు. వార్డెన్ మేడమ్ చేత్తో టార్చి పట్టుకుని తిట్టుకుంటూ మమ్మల్ని డాబా మీదికి తోలేది. చీకట్లో పుస్తకం తెరవమని ఆవిడ కూడా అనలేదు పాపం. రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. ర్యాంకుల లిస్టులో ఎప్పుడూ పేరు కింద ఎర్రగీతే. హాస్టల్లో తెలుగు తీసుకున్న ఏడెనిమిది మందిలో ఒకతి. వాళ్ల నాయనమ్మ దగ్గర గజేంద్ర మోక్షం పద్యాలు నేర్చుకుందట. చీకట్లో గొంతెత్తేది. సంగీతం కాదు, పల్లెటూరి ముసలమ్మ పద్యం చదివే తీరు, చివర సాగదీసి, ఊపిరి దొరక్క ఆగి. మేం వెనకాల అందుకునేవాళ్లం. పోతన నాకు అలా దొరికాడు, సిలబస్‌లో లేని చోట, మార్కులు లేని గంటలో, దోమలు కొట్టుకుంటూ. రెండేళ్లు బట్టీపట్టిన బొద్దింక కడుపులో ఇప్పుడు ఒక్క గొట్టం పేరు గుర్తులేదు. ఆ పద్యాలున్నాయి.

అంటే ఖాళీలో పడ్డ గింజే మొలుస్తుందని సూత్రం చెప్పేయొచ్చా? ఈ మాట నాకంటే ముందు ఒకాయన కాదు, ఒక కమిటీయే చెప్పింది. 1959లో ఇక్కడ క్రౌథర్ రిపోర్టు అని ఒకటి వచ్చింది, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల చదువు గురించి. న్యూమరసీ అనే మాట పుట్టింది ఆ రిపోర్టులోనే. తక్కువ సబ్జెక్టులు లోతుగా చదవడమే మంచిదని అది గట్టిగా సమర్థించింది. అలాగని ఊరుకోలేదు, ముఖ్యమైన సబ్జెక్టులు పోగా మిగిలే కాస్త సమయానికి మైనారిటీ టైమ్ అని పేరుపెట్టి, సైన్సు పిల్లలు సాహిత్యం వైపు, సాహిత్యం పిల్లలు లెక్కల వైపు తొంగి చూసేది ఆ సందులోంచే అని ఆశపడింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో సి.పి. స్నో రెండు సంస్కృతుల గురించి ఉపన్యాసమిచ్చి, సైంటిస్టులూ సాహిత్యకారులూ ఒకరి మాట ఒకరికి అర్థంకాని స్థితికి వచ్చారనీ, ఇంగ్లండ్ పిల్లల్ని మరీ చిన్నతనంలోనే ఒక వైపుకి తోసేయడమే అందుకు కారణమనీ వాపోయాడు. చదువు ఒకటే, రోగమూ ఒకటే, వైద్యులిద్దరు. మైనారిటీ టైమ్ అన్న మాట నాకు నచ్చింది. వారంలో అల్పసంఖ్యాక వర్గం, మా తొమ్మిది తెల్లగళ్లు.

ఇదంతా మా నాన్నకి చెబితే, "దీనికి రిపోర్టెందుకు, మనవాళ్లు తిథులతో కట్టేశారు" అన్నాడు. ఆయన మేనమామ వేదం చదువుకున్నవాడు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య ఇవన్నీ అనధ్యయన దినాలు. ఆ రోజుల్లో పాఠం చెప్పకూడదు, చదవకూడదు. చదివితే? చదువు నిలవదు, చిక్కిపోతుంది. సుందరకాండలో సీతమ్మ కృశించిన తీరుకి వాల్మీకి ఉపమానం తెచ్చింది పాడ్యమి నాటి చదువునే. నేను లెక్క కట్టాను. పక్షానికి నాలుగు రోజులు, అంటే పదిహేనింటిలో నాలుగు. మా అమ్మాయి పాతికలో తొమ్మిది ఇంతకంటే ఎక్కువే. కానీ ఆ ఖాళీకి ఒక కంచె ఉంది, ఆ రోజు చదవడమే నేరం. ఇక్కడి ఖాళీ, నీ అంతట నువ్వు చదువుకో అని పైకి అనకుండా అనే ఖాళీ. రెంటికీ తేడా లేదూ? ఒకటి సెలవు, ఇంకోటి నమ్మకం. లేక పరీక్షా?

ఇంత వేదాంతం నేర్చుకున్నాక, ఒకరోజు మా పక్కవీధి ఆవిడ గాలి తీసేసింది. ఆవిడ కాలేజీ గవర్నర్ల బోర్డులో తల్లిదండ్రుల తరఫున కూర్చుంటుంది. టీ తాగుతూ ఫ్రిజ్ వైపు చూసి, "అది బడ్జెట్ అండీ" అంది. ఒక్కో విద్యార్థికి ప్రభుత్వం నుంచి పూర్తి డబ్బు రావాలంటే ఏడాదికి 580 గంటల బోధన చూపించాలి. 2022కి ముందు 540 ఉండేదట. ఏడాదికి ముప్ఫై ఎనిమిది వారాలు వేసుకుంటే వారానికి పదిహేను గంటల పైచిలుకు. రంగు గళ్లు మళ్లీ లెక్కపెట్టాను. పదహారు! ఒకప్పుడు ట్యుటోరియళ్లకీ, పాటలకీ ఆటలకీ విడిగా డబ్బొచ్చేదట, 2011లో దాన్ని బాగా కోసేశారట. నేను పోతన దాకా లాక్కెళ్లిన తెలుపు, ఎవరో అకౌంటెంటు గీత గీసిన చోట మిగిలిన కాగితం. మంచిదే, మా డాబా మీది చీకటి మాత్రం ఎవరైనా మా మేలు కోరి ఇచ్చిందా?

అందరికీ అది తెల్లగానే ఉంటుందనుకోవడం కూడా నా అమాయకత్వమే. మా అమ్మాయి స్నేహితురాలు ఒకతి ఆ ఖాళీ గంటల్లో లైబ్రరీ బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంది. రాత్రి పదకొండు దాకా సూపర్ మార్కెట్‌లో అరలు సర్దే పని. తండ్రి లేడు, ఇద్దరు తమ్ముళ్లు. ఈ వయసు పిల్లలు చదువు మానకుండా ఉండేందుకు 2004 నుంచి ఇంగ్లండ్ అంతటా, రాబడి తక్కువున్న ఇళ్లవాళ్లకి వారానికి 30 పౌండ్ల దాకా ఇచ్చేవారు. 2011లో ఎత్తేశారు. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో ఇంకా ఇస్తున్నారు. అలా నిద్రపోయే పిల్లని మా అమ్మాయి లేపదు. పక్కన కూర్చుని, గంట మోగే అయిదు నిమిషాల ముందు భుజం తడుతుంది. తన తెల్లగడిని ఇంకొకరి నిద్రకి కాపలా పెట్టడం ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో నాకు తెలియదు.

నవంబరులో కాలేజీలో కల్చర్ డే. బుధవారం మధ్యాహ్నం, ఎన్‌రిచ్‌మెంట్ అని పేరు పెట్టిన గంటల్లో. దేశానికో బల్ల. ఇండియా బల్ల మీద సమోసాలు, బల్ల పక్కన భాంగ్రా. "మనమేం పెట్టాలమ్మా?" అంది. పూతరేకులు దొరుకుతాయా ఇక్కడ? ఎ లెవెల్లో ఉర్దూ ఉంది, బెంగాలీ ఉంది, పంజాబీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు లేదు. కాలేజీ లెక్కల్లో మనం ఇండియా బల్ల కిందికి వచ్చేస్తాం. చివరికి తను పెట్టింది తిండి కాదు. అంతకుముందు నెలంతా ఆ మంగళవారం గంటల్లో కేంటీన్లో నలుగురైదుగురు ఒకరి పేర్లు ఒకరి లిపిలో రాసుకుంటూ కూర్చున్నారట. ఒకరు ఉర్దూలో, ఒకరు బెంగాలీలో, ఒకరు పోలిష్ గుర్తులతో, ఈవిడ తెలుగులో. ఈవిడకి తెలుగు రాయడం సరిగ్గా రాదు. నేను మీటింగులో ఉంటే మెసేజ్ వచ్చేది, "త కింద ర ఎటు తిరుగుతుంది?" అని. ఒకరోజు, స్నేహితురాలి పేరులో జెడ్ ఉందనీ, జ కింద చుక్క పెట్టొచ్చా అనీ. హిందీవాళ్లు పెడతారు, మనకి అలవాటు లేదన్నాను. "అయితే పెట్టేస్తున్నా" అంది. కల్చర్ డే నాడు ఆ కాగితాలన్నీ హాల్లో, ఆ బంగారు అక్షరాల చెక్కపలక కింద అంటించారు. చుక్క పెట్టిన జ ఫొటో నాకు పంపింది. తప్పే. బావుంది.

ఇప్పుడు యూనివర్సిటీ అప్లికేషన్ల కాలం. ఆ అప్లికేషన్లు తీసుకునే యూకాస్‌వాళ్లు 2026 ప్రవేశాల నుంచి పద్ధతి మార్చారు. ఇదివరకు 4000 అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు తమ గురించి రాసుకునేవారు. అక్షరాలు అన్నే, కానీ ఇప్పుడు దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మూడోది, చదువు బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది అని. మొన్న రాత్రి వంటింటి బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. కేంటీన్లో పేర్లు రాసుకోవడం గురించి నాలుగు వాక్యాలు రాసింది. చదివి వినిపించింది. "ఎందుకు పనికొస్తుంది అంటే ఏం రాయనమ్మా?" అంతర్ సాంస్కృతిక అవగాహన, నాయకత్వ లక్షణాలు, అలాంటివి రాయి అన్నాను నేను. తల్లిని కదా, రాయమనే అంటాను. నా వంక ఒక చూపు చూసి, ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసింది. వాటి స్థానంలో కేర్ హోమ్‌లో చేసిన పని గురించి రాసుకుంది. మంచిదే, మార్కులొచ్చే జవాబు. సంస్కృతం తీసుకున్నదాన్ని, నేనేం అనగలను?

గిన్నెలు కడుగుతూ, తెలియకుండానే పద్యం అందుకున్నాను కాబోలు. "ఏంటది?" అని ల్యాప్‌టాప్ మూసింది. కరెంటు సంగతి, డాబా సంగతి, రేపల్లె అమ్మాయి సంగతి చెప్పాను. ఇంతవరకు ఎప్పుడూ చెప్పలేదని అప్పుడే తట్టింది. మళ్లీ చదవమంది. చదివాను, ఆ అమ్మాయి తీరులోనే, సాగదీసి. రెండు పాదాలు వచ్చాయి. మూడోదాంట్లో సగం వచ్చింది. ఆగిపోయాను.

"తర్వాత?"

"అక్కడికి కరెంటు వచ్చేసిందే."